సూడి గొర్రె కార్జం: ఈతకు ముందు, పాల కాలంలో, పాలు మాన్పించాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గొర్రె సూడితో ఉంటే మనం పొట్ట చూస్తాం. ఈనాక పొదుగు చూస్తాం. కడుపులో పిల్లకు, పొదుగులో పాలకు కావాల్సిన సరుకు తయారుచేసే కార్జం మాత్రం కంటికి కనిపించదు. అందుకే దాన్ని పట్టించుకోం. సూడి చివరి రోజుల్లో బాగా తిరిగిన గొర్రె ఉన్నట్టుండి మేత మాని పడిపోతే "ఎండ తగిలింది", "ఏదో తిన్నది" అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం కార్జం భారం మోయలేకపోవడమే.

ఇది చిన్న నష్టం కాదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అందులో పాత మహబూబ్‌నగర్ జిల్లా వాటా పెద్దది. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. అలాంటి మందలో ఈతకు ముందు రెండు సూడి గొర్రెలు పోతే మందలో పదో వంతు పోయినట్టు. వాటి కడుపులో పిల్లలు కూడా పోతాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో 20, 30 జీవాల మీద బతికే కుటుంబానికి అది ఆ ఏటి లాభం మొత్తం.

ఈ నష్టాన్ని చాలా వరకు ఆపవచ్చు. అందుకు కార్జం ఎప్పుడు ఎంత పని చేస్తుందో తెలుసుకుని, ఆ పనికి తగ్గట్టు మేత పెట్టాలి.

కార్జం చేసే పని ఏమిటి?

గొర్రె, మేక, గేదె, ఆవు నెమరువేసే జంతువులు. అవి తిన్న గడ్డి, జొన్న, తౌడు పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల వల్ల పులిసి ఆమ్లాలుగా మారుతాయి. మనం అన్నం తింటే చక్కెర నేరుగా రక్తంలోకి వస్తుంది. నెమరువేసే జంతువులకు అలా వచ్చే చక్కెర చాలా తక్కువ. పొట్టలో తయారైన ప్రొపియోనిక్ ఆమ్లాన్ని తీసుకుని కార్జమే గ్లూకోజు తయారుచేయాలి. అంటే గొర్రె ఒంట్లో గ్లూకోజుకు కార్జమే ఫ్యాక్టరీ, మేత దానికి ముడిసరుకు.

కార్జం ఎప్పుడూ ఒకే పరిమాణంలో ఉండదు. జంతువు బాగా తింటే పెరుగుతుంది, కొన్ని రోజులు పస్తులుంటే చిక్కిపోతుంది. సూడి కాలంలో, పాల కాలంలో పని పెరిగే కొద్దీ దానికి వెళ్లే రక్తం కూడా పెరుగుతుంది. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. సూడి కాలం నుంచి పాల కాలం దాకా తల్లి కార్జం బాగా పెద్దదవుతుంది. పిల్లలు పాలు మానగానే అదనంగా పెరిగిన కణాలు చాలా వరకు చనిపోయి, కొద్ది రోజుల్లోనే కార్జం పాత పరిమాణానికి వస్తుంది. మన గొర్రెల్లో ఈ మార్పు ముఖ్యంగా మేత మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి పని పెరిగే ముందే మేత పెంచితే కార్జం సిద్ధంగా ఉంటుంది. పని పెరిగే వేళ మేత తగ్గిస్తే చిక్కిన కార్జం మీద రెట్టింపు భారం పడుతుంది.

సూడి చివరి ఆరు వారాలు

గొర్రె సూడి కాలం సుమారు 150 రోజులు. మొదటి మూడున్నర నెలల్లో పిల్ల మెల్లగా పెరుగుతుంది. పిల్ల బరువులో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. కడుపులో పిల్ల ప్రధానంగా తల్లి రక్తంలోని గ్లూకోజు మీదే బతుకుతుంది. అందుకే ఈ రోజుల్లో తల్లి శరీరం తన వాడకం తగ్గించుకుని గ్లూకోజును పిల్లకు వదిలేస్తుంది.

సరిగ్గా ఇప్పుడే ఇంకో ఇబ్బంది వస్తుంది. పెరిగిన గర్భసంచి పెద్ద పొట్టను నొక్కుతుంది. గొర్రె ఒకేసారి ఎక్కువ మేత తినలేదు. కావాల్సింది పెరిగింది, తినగలిగేది తగ్గింది. ఆ లోటు పూడ్చడానికి ఒంట్లోని కొవ్వు కరిగి కార్జానికి చేరుతుంది.

కొవ్వు కొంచెంగా వస్తే కార్జం దాన్ని కాల్చి శక్తిగా మార్చుకుంటుంది. ఎక్కువగా వస్తే పూర్తిగా కాల్చలేదు. సగం కాలిన కొవ్వు నుంచి కీటోన్లు అనే పదార్థాలు పుట్టి రక్తంలో పేరుకుంటాయి. మిగిలిన కొవ్వు కార్జంలోనే నిల్వ ఉంటుంది. నెమరువేసే జంతువుల కార్జానికి ఆ కొవ్వును బయటికి పంపే శక్తి తక్కువ. ఎర్రగా, గట్టిగా ఉండాల్సిన కార్జం పసుపు రంగుకు తిరిగి, పట్టుకుంటే చిట్లేలా మెత్తబడుతుంది. అలాంటి కార్జం గ్లూకోజు ఇంకా తక్కువ తయారుచేస్తుంది. గ్లూకోజు తగ్గితే గొర్రె మేత మానేస్తుంది. మేత మానితే ఇంకా కొవ్వు కరుగుతుంది. దీన్నే పశువైద్యులు ప్రెగ్నెన్సీ టాక్సీమియా అంటారు.

ఇది ఎక్కువగా ఎవరికి వస్తుంది?

- కడుపులో రెండు పిల్లలున్న గొర్రెలు, మేకలు. మన దక్కనీ, నెల్లూరు గొర్రెల్లో కవలలు తక్కువ. ఉస్మానాబాదీ మేకల్లో మాత్రం కవలలు మామూలే.
- బాగా బక్కచిక్కిన గొర్రెలు.
- బాగా బలిసిన గొర్రెలు కూడా. వీటి ఒంట్లో కరగడానికి కొవ్వు ఎక్కువ ఉంటుంది, పొట్టలో మేతకు చోటు తక్కువ ఉంటుంది.
- ముసురు పట్టి ఒకటి రెండు రోజులు దొడ్డిలోనే పస్తులున్నవి, చివరి నెలలో లారీలో దూరం తరలించినవి, వలసలో రోజంతా నడిచినవి.

మన దగ్గర లెక్క ఎక్కడ తప్పుతుంది?

జూలైలో కట్టిన గొర్రె డిసెంబర్‌లో ఈనుతుంది. దాని చివరి ఆరు వారాలు నవంబర్, డిసెంబర్‌లో వస్తాయి. అప్పటికి వరి కొయ్యకాళ్లు, పల్లి తీసిన చేలు, గట్ల మీద గడ్డి ఉంటాయి. ఇబ్బంది తక్కువ.

డిసెంబర్ చివర, జనవరిలో కట్టిన గొర్రె మే, జూన్‌లో ఈనుతుంది. దాని చివరి ఆరు వారాలు ఏప్రిల్, మే నెలల్లో పడతాయి. చేలల్లో ఏమీ మిగలదు. పత్తి మోళ్లు కూడా పీకేసి ఉంటారు. మందలు కృష్ణా, తుంగభద్ర ఒడ్లకు, నల్లమల వైపు నడుస్తాయి. పిల్లకు అన్నిటికన్నా ఎక్కువ గ్లూకోజు కావాల్సిన రోజులు, గొర్రెకు మేత అన్నిటికన్నా తక్కువ దొరికే రోజులు ఒక్కటవుతాయి. ఒక్క పిల్ల ఉన్న గొర్రె కూడా ఇలాంటప్పుడు దెబ్బతింటుంది.

అందుకే ముందుగా కట్టిన తేదీ తెలియాలి. పొట్టేలు ఎప్పుడూ మందలోనే ఉంటుంది కాబట్టి తేదీ తెలియదని చాలామంది అంటారు. ఎర్రమట్టిని నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు రాయండి. దాటిన గొర్రె వీపు మీద రంగు అంటుతుంది. ఆ రోజు పుస్తకంలో రాసుకోండి. దానికి 105 రోజులు కలిపితే అదనపు మేత మొదలుపెట్టాల్సిన రోజు వస్తుంది.

రెండోది, చేతితో చూడడం. చివరి పక్కటెముక వెనక నడుము ఎముక మీద చేయి పెట్టి నొక్కండి. ఎముక కత్తిలా గుచ్చుకుంటే గొర్రె బక్కగా ఉన్నట్టు. ఎముక గుండ్రంగా తగిలితే సరిగా ఉన్నట్టు. గట్టిగా నొక్కినా ఎముక దొరకకపోతే బలిసినట్టు. దక్కనీ నల్ల గొర్రెల్లో ఉన్ని వల్ల బక్కతనం కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. కట్టించే ముందు, మూడున్నర నెలల సూడిలో, పాలు మాన్పించే రోజున ఈ మూడు సార్లు తప్పకుండా చూడండి.

ఏం పెట్టాలి?

- చివరి 45 రోజులు మేపుతో పాటు గొర్రెకు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా ఇవ్వండి. మొదటి రోజు 50 గ్రాములతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. ఒకేసారి ఎక్కువ గింజలు పెడితే పొట్టలో ఆమ్లం పెరిగి ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.
- దాణాను ఉదయం సగం, సాయంత్రం సగం పెట్టండి. నొక్కుకుపోయిన పొట్టకు ఇదే మేలు.
- ఇంట్లో కలుపుకోవాలంటే జొన్న లేదా మొక్కజొన్న నూక సుమారు సగం, తౌడు పావు వంతు, పల్లి చెక్క ఐదో వంతు, మిగతాది గొర్రెల ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు.
- యాసంగి పల్లి తీయగానే కట్టెను ఎండబెట్టి, వాన తగలకుండా వామి వేసి ఏప్రిల్, మే నెలలకు దాచండి. వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతులకు ఇంతకు మించిన చౌక మేత లేదు.
- సుబాబుల్, అవిశ, దశరథ గడ్డి బోరు దగ్గర పది గుంటల్లో వేసుకున్నా 20 గొర్రెల మందకు వేసవిలో పచ్చి ఆకు కొంత అందుతుంది. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు. తుమ్మ కాయలు ఏరి దాచినా పనికొస్తాయి.
- పచ్చి ఆకుతో ఇంకో లాభం ఉంది. అందులోని పసుపు పదార్థం విటమిన్ ఎ గా మారి కార్జంలో నిల్వ ఉంటుంది. వేసవంతా ఎండు మేతే తింటే ఆ నిల్వ కరిగిపోతుంది. అప్పుడు జున్నుపాలలో విటమిన్ తగ్గి పిల్లలు బలహీనంగా ఉంటాయి.
- నడవలేని నిండు సూడి గొర్రెలను వలసకు తీసుకెళ్లకుండా ఇంటి దగ్గర ఆపుకోండి. బలిసిన గొర్రెకు మాత్రం చివరి నెలలో ఒక్కసారిగా మేత తగ్గించొద్దు. తగ్గించాల్సింది అంతకు ముందే.

జబ్బును ఎలా గుర్తుపట్టాలి?

మంద నుంచి విడిగా నిలబడుతుంది. దాణా దగ్గరికి రాదు. కళ్లు తెరిచే ఉన్నా చూపు ఆనదు, గోడకు తల ఆనిస్తుంది. పళ్లు కొరుకుతుంది. నడక తడబడుతుంది. నోటి దగ్గర ఒక రకమైన తీపి వాసన వస్తుంది. రెండు మూడు రోజుల్లో పడుకుంటుంది, తర్వాత లేవదు. పడుకున్న తర్వాత బతికేవి తక్కువ. కాబట్టి మేత మానిన మొదటి రోజే పశువైద్యుడికి చూపించండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 కు ఫోన్ చేయండి. గొర్రె ఎప్పుడు కట్టిందో, ఎన్ని పూటలుగా తినలేదో చెప్పండి. కాల్షియం తగ్గినా గొర్రె ఇలాగే పడిపోతుంది. తేడాను డాక్టరే చెప్పగలరు. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీతో నిమిషాల్లో తెలుస్తుంది.

బెల్లం నీళ్లు తాగించి ఊరుకోవద్దు. బెల్లం పెద్ద పొట్టలో పులిసిపోతుందే గానీ చక్కెరగా రక్తంలోకి చేరదు. అందుకే డాక్టర్లు గ్లూకోజును నరానికి ఎక్కిస్తారు, నోటి ద్వారా ప్రొపైలిన్ గ్లైకాల్ ఇస్తారు. దాన్ని కార్జం గ్లూకోజుగా మార్చుకోగలదు. మోతాదు డాక్టరు చెప్పినట్టే ఇవ్వండి.

పాల కాలం

ఈనగానే కార్జం పని తగ్గదు, ఇంకా పెరుగుతుంది. పాలలోని తీపి లాక్టోజ్. లీటరు పాలలో అది 45 నుంచి 50 గ్రాముల దాకా ఉంటుంది. అది తయారయ్యేది కార్జం ఇచ్చిన గ్లూకోజు నుంచే. గొర్రె పాలు ఈనిన రెండు నుంచి నాలుగు వారాల్లో గరిష్ఠంగా ఉంటాయి. మొదటి నెలలో పిల్ల ఎదుగుదల పూర్తిగా ఆ పాల మీదే ఆధారపడుతుంది. అమ్మే రోజున పిల్ల తూగే బరువుకు పునాది ఇక్కడే పడుతుంది.

ఈనిన తర్వాత కనీసం 45 రోజులు దాణా ఆపొద్దు. కవలలుంటే 300 గ్రాముల దాకా ఇవ్వండి. నీళ్లు రోజంతా అందుబాటులో ఉంచండి. "ఈనింది కదా, ఇక మేపు చాలు" అని ఆపేస్తే గొర్రె తన ఒంటిని కరిగించి పాలిస్తుంది. పిల్ల కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, తల్లి మాత్రం తర్వాతి కట్టుకు రాదు.

పాడి గేదె, ఆవుల్లోనూ ఇదే కథ. వాటికి కష్టకాలం ఈనిన తర్వాత మొదటి ఆరు వారాలు. దాణా వదిలేసి గడ్డి మాత్రమే తినడం, పాలు పడిపోవడం, నోట్లో తీపి వాసన కనిపిస్తే కీటోసిస్ అని అనుమానించి డాక్టరుకు చూపించండి. వట్టిపోయిన కాలంలో బాగా బలిసిన పశువులకే ఇది ఎక్కువ.

పాలు మాన్పించాక

మూడు నెలలకు పిల్లలకు పాలు మాన్పించవచ్చు. దానికి వారం ముందు నుంచి తల్లి దాణా తగ్గిస్తూ ఆపేయండి. అప్పుడు పొదుగు మెల్లగా ఎండుతుంది, పొదుగువాపు భయం తగ్గుతుంది. నీళ్లు మాత్రం ఆపొద్దు.

ఇప్పుడు కార్జం మీద భారం ఒక్కసారిగా తగ్గుతుంది. దాన్ని బాగుచేసుకోవడానికి ఏడాదిలో దొరికే సమయం ఇదే. పచ్చి మేతతో విటమిన్ నిల్వలు నిండుతాయి, కరిగిన ఒళ్లు తిరిగి వస్తుంది. పాలు మాన్పించగానే పొట్టేలును మందలో వదలొద్దు. నడుము ఎముక గుండ్రంగా తగిలేదాకా, సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. తర్వాత కట్టించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకు 200 గ్రాముల దాణా ఇస్తే ఎక్కువ గొర్రెలు ఒకేసారి ఎదకు వస్తాయి. పళ్లు ఊడినవి, పొదుగు గట్టిపడినవి, రెండు ఈతలుగా బక్కగానే ఉన్నవి ఈ సమయంలోనే మంద నుంచి తీసేయండి.

కార్జాన్ని నేరుగా దెబ్బతీసేవి

*బూజు పట్టిన పల్లి చెక్క, కట్టె:* మన జిల్లాల్లో పల్లి ఎక్కువ కాబట్టి ఈ ముప్పు కూడా ఎక్కువ. తడిసిన పల్లి మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960 లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం మేతలో కలిపిన బూజు పల్లి చెక్క అని తేలింది. ఆ విషాన్ని కనుగొన్నది అలాగే. అది మొదట దెబ్బతీసేది కార్జాన్నే. పాల ద్వారా పిల్లకు, పాలు తాగే మనకు కూడా చేరుతుంది. ఎండబెట్టినా, ఉడికించినా పూర్తిగా పోదు. బూజు వాసన వచ్చిన చెక్కను సూడి గొర్రెకే కాదు, దేనికీ పెట్టొద్దు.

*కార్జపు జలగలు:* జూరాల కాలువలు, చెరువు శిఖాలు, నీళ్లు నిలిచిన వరి మడుల పక్కన గడ్డిలో నత్తల ద్వారా ఇవి సోకుతాయి. కార్జంలోకి తొలుచుకుని వెళ్లి, తర్వాత పిత్త నాళాల్లో చేరతాయి. కళ్లు తెల్లబడడం, దవడ కింద నీరు దిగడం, ఉన్ని రాలడం వీటి గుర్తులు. సోకిన తర్వాత మూడు నాలుగు నెలల దాకా పెంటికల పరీక్షలో గుడ్లు కనిపించవు. ఆలోగా కార్జం దెబ్బతింటూనే ఉంటుంది. అన్ని నట్టల మందులు జలగల మీద పనిచేయవు. కొన్ని మందులు పెద్ద జలగలనే చంపుతాయి, పిల్ల జలగలను చంపవు. మంద ఏ నీటి దగ్గర మేసిందో డాక్టరుకు చెప్పి మందు అడగండి. పాలు మాన్పించిన సమయం దీనికి అనువైనది. సూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ తాగించొద్దు, పిల్లలు అవకరంగా పుట్టే ప్రమాదం ఉంది. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రె చూపు పోతుంది. బరువు చూసే మందు పట్టండి.

*రాగి:* పశువుల, కోళ్ల దాణాలో, వాటి ఖనిజ మిశ్రమాల్లో రాగి ఎక్కువ ఉంటుంది. గేదెకు మేలు చేసే ఆ రాగి గొర్రె కార్జంలో వారాల తరబడి పేరుకుంటుంది. ఒకరోజు ఒక్కసారిగా రక్తంలోకి వదిలితే మూత్రం ఎర్రగా వచ్చి, కళ్లు పసుపెక్కి గొర్రె చనిపోతుంది. గొర్రెలకు గొర్రెల కోసం చేసిన మిశ్రమమే కొనండి.

*లంటానా:* నల్లమల అంచున, బీడు భూముల్లో గుత్తులుగా రంగురంగుల పూలు పూసే ఈ పొదను మామూలుగా జీవాలు ముట్టవు. వేసవి ఆకలికి తింటాయి. తింటే కార్జం దెబ్బతిని కామెర్లు వస్తాయి, ఎండకు ముఖం మీద చర్మం పగులుతుంది. అలాంటి గొర్రెను వెంటనే నీడలో కట్టి డాక్టరుకు చూపించండి.

గోడ మీద రాసుకోవాల్సినవి

- కట్టిన రోజు: పుస్తకంలో తేదీ.
- మొదటి నెల: ఆల్బెండజోల్ వద్దు, బెదరగొట్టడం, దూర ప్రయాణం వద్దు.
- 105వ రోజు: నడుము చేతితో చూడాలి, దాణా మొదలుపెట్టాలి.
- చివరి నెల: ఒక్క పూట కూడా పస్తు వద్దు, వలస వద్దు. మేత మానితే అదే రోజు డాక్టరు.
- ఈనిన 45 రోజులు: దాణా, నీళ్లు తగ్గించొద్దు.
- 90 రోజులకు: పాలు మాన్పించాలి. జలగల మందు గురించి డాక్టరును అడగాలి.
- ఆ తర్వాత 6 నుంచి 8 వారాలు: గొర్రెకు విశ్రాంతి, పచ్చి మేత. అప్పుడే మళ్లీ పొట్టేలు.

ఏప్రిల్, మే మేతకు ఏర్పాటు చేసుకోలేని రైతులు డిసెంబర్, జనవరిలో పొట్టేలును మంద నుంచి వేరు చేసి, జూన్, జూలై కట్టును మాత్రమే నమ్ముకోవడం మంచిది. ఏడాదికి ఒక్క ఈతే వచ్చినా తల్లి, పిల్ల రెండూ దక్కుతాయి. పశుగ్రాస విత్తనాలు, దాణా కలిపే పద్ధతుల కోసం పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలను అడగండి. మందుల విషయంలో మాత్రం మీ మండల పశువైద్యుడి మాటే ఆఖరు.